టమ్మీ టక్‌కి బరువెంత ఉండాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

పొట్ట దగ్గర వేలాడే చర్మాన్ని, దాని కింది కొవ్వును తీసేసి, సాగిపోయిన కండరాలను బిగించి కుట్టే ఆపరేషన్‌నే టమ్మీ టక్ అంటారు. డాక్టర్లు అబ్డామినోప్లాస్టీ అని రాస్తారు. దీని గురించి వచ్చే ఫోన్లలో, మెసేజుల్లో తిరిగి తిరిగి వినపడేది ఒకటే మాట: "నా బరువుకి చేస్తారా?" అందుకే బరువు చుట్టూ ఉన్న సందేహాలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## అసలు నాకు కుదురుతుందా?

నా బరువు 72 కిలోలు. టమ్మీ టక్ చేస్తారా, చేయరా?

కిలోలు ఒక్కటే చెబితే ఎవరూ జవాబు ఇవ్వలేరు, ఎత్తు కూడా కావాలి. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. 155 సెంటీమీటర్ల ఎత్తున్న మహిళకి 60 కిలోల దగ్గర బీఎంఐ 25, 72 దగ్గర 30, 84 దగ్గర 35. సాధారణంగా 30 లోపు ఉంటే సర్జన్లు ముందుకొస్తారు. 30 నుంచి 35 మధ్య మనిషిని బట్టి నిర్ణయిస్తారు. 35 దాటితే అందం కోసం చేసే ఆపరేషన్‌కి చాలామంది ఒప్పుకోరు. ఇది గీత గీసినట్టుండే లెక్క కాదు. 31 ఉండి షుగరు, పొగ అలవాటు లేని మనిషి, 28 ఉండి రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చే మనిషి కంటే మేలు.

మనవాళ్లకి బీఎంఐ 25 దాటితేనే ఊబకాయం అంటారు కదా, మరి సర్జన్లు 30 దాకా ఎలా ఒప్పుకుంటున్నారు?

రెండు అంకెలూ రెండు వేర్వేరు పనుల కోసం పెట్టినవి. భారతీయులకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని పెట్టింది షుగరు, గుండెజబ్బుల ముప్పును ముందే పట్టుకోవడానికి. 30 అన్నది గాయం మానడం, మత్తు, రక్తం గడ్డకట్టడం లాంటి ఆపరేషన్ ముప్పులను చూసి అనుకున్న హద్దు. ఇక్కడొక మెలిక ఉంది. అదే బీఎంఐ దగ్గర తెల్లవాళ్ల కంటే మనకి పొట్ట లోపల కొవ్వు ఎక్కువ. అంటే 27 ఉన్నా సరే, పొట్ట లోపలంతా కొవ్వే ఉండి ఆపరేషన్ ఫలితం తేలిపోవచ్చు. అందుకే బీఎంఐతో పాటు నడుము చుట్టుకొలత కూడా చూస్తారు. ఆడవాళ్లకి 80, మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటితే లోపలి కొవ్వు మీద అనుమానం మొదలవుతుంది.

లోపలి కొవ్వు, బయటి కొవ్వు అంటున్నారు. ఏమిటా తేడా?

ఈ విషయం అర్థమైతే సగం సందేహాలు వాటంతట అవే తీరిపోతాయి. పొట్టకి ముందు వైపు కండరాలతో, వాటి మీది గట్టి పొరతో ఒక గోడ ఉంటుంది. ఆ గోడకీ చర్మానికీ మధ్య ఉన్నది బయటి కొవ్వు, చేత్తో పట్టుకుంటే మడతగా వచ్చేది అదే. గోడకి వెనక పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ చేరేది లోపలి కొవ్వు. టమ్మీ టక్ పని మొత్తం గోడకి బయటే జరుగుతుంది. లోపలి కొవ్వును అది తాకను కూడా తాకదు. కొవ్వును పీల్చి తీసే లైపోసక్షన్ గొట్టం కూడా అక్కడికి వెళ్లదు, వెళ్లకూడదు.

అయినా బలవంతంగా చేస్తే ఏమవుతుంది? నిండిన సంచి మూతిని లాగి కుట్టినట్టు అవుతుంది. కండరాలను మధ్యకి లాగి కుట్టగానే పొట్ట లోపలి చోటు తగ్గిపోతుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఊపిరితిత్తుల కింది పొర పైకి నెట్టుకొస్తుంది, కాబట్టి శ్వాస ఆడదు. కాళ్ల నుంచి పైకి వచ్చే సిరల మీద ఒత్తిడి పడి రక్తం నెమ్మదిస్తుంది, గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. వీటన్నిటినీ దాటుకుని బయటపడినా, బిగువుకి కుట్లు కండరాన్ని కోసుకుంటూ వదులైపోతాయి. కొన్ని నెలల్లో పొట్ట మళ్లీ ముందుకొస్తుంది. లోపలి కొవ్వు ఆహారం, నడక, మందులతోనే తగ్గుతుంది. మంచి మాట ఏమిటంటే, బరువు తగ్గడం మొదలుపెట్టినప్పుడు ముందుగా కరిగే వాటిలో అదొకటి.

ఇంట్లోనే ఒక అంచనాకి రావడానికి మార్గం ఉందా?

ఉంది. పరగడుపున గట్టి మంచం మీదో నేల మీదో వెల్లకిలా పడుకోండి. కాళ్లు చాపి, పొట్టను వదులుగా వదిలేయండి. ఒక పొడవాటి స్కేలును పక్కటెముకల చివర నుంచి తుంటి ఎముక దాకా ఆనించండి. స్కేలు కింద పొట్ట పల్లంగా దిగిపోతే మీ ఇబ్బంది ఎక్కువగా చర్మం, బయటి కొవ్వు, సాగిన కండరాలే. ఇవి ఆపరేషన్‌తో బాగయ్యేవి. పడుకున్నా పొట్ట బోర్లించిన కుండలా స్కేలుని పైకి లేపుతోందంటే లోపలి కొవ్వు ఎక్కువని. తర్వాత లేచి నిలబడి, బొడ్డు కింద రెండు చేతులతో మడత పట్టుకోండి. చేతిలోకి వచ్చిందే సర్జన్ తీయగలిగింది. చేతికి రానిది ఆపరేషన్ టేబుల్ మీద కూడా రాదు.

మా ఆయన పొట్ట డప్పులా గట్టిగా ఉంటుంది. చేతులు కాళ్లు సన్నమే. ఆయనకి పనికొస్తుందా?

చాలావరకు పనికిరాదు. చేతులు కాళ్లు సన్నగా, పొట్ట ఒక్కటే గుండ్రంగా, గట్టిగా ఉంటే అది లోపలి కొవ్వు లక్షణం. మగవాళ్లలో ఇదే ఎక్కువ. ముందు ఫ్యాటీ లివర్‌కి అల్ట్రాసౌండ్, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోవడం మంచిది. 20, 30 కిలోలు తగ్గిన తర్వాత చర్మం వేలాడితే అప్పుడు ఆలోచించవచ్చు.

రెండు సిజేరియన్లు అయ్యాయి. బరువు మామూలే కానీ కుట్టు మీద మడత వేలాడుతోంది. నన్నూ బరువు తగ్గమంటారా?

బహుశా అనరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. కాబట్టి మన దగ్గర ఇది చాలా మామూలుగా వినపడే ప్రశ్న. పాత కుట్టు లోపలికి అతుక్కుపోయి, దాని పైన ఉన్న చర్మం, కొవ్వు మడతలా దాని మీదికి వాలుతుంది. దీనికి తోడు కాన్పుల్లో పొట్ట మధ్య కండరాలు విడిపోతాయి. ఈ రెండూ బరువుతో వచ్చినవి కావు, బరువు తగ్గినా పోవు. బీఎంఐ 27, 28 లోపు ఉండి, బిడ్డ పాలు మాని కనీసం 3 నెలలై, ఇక పిల్లలు వద్దనుకుంటే టమ్మీ టక్‌కి బాగా కుదిరే మనుషులు మీరే.

నేను సన్నగానే ఉంటాను, బీఎంఐ 19. ఇబ్బందేమైనా ఉందా?

సన్నగా ఉన్నవాళ్లలో చర్మం మిగులు తక్కువ. పూర్తి టమ్మీ టక్ చేస్తే బొడ్డు పాత రంధ్రం కింది కోత దాకా రాక, మధ్యలో చిన్న నిలువు మచ్చ మిగలవచ్చు. బొడ్డు కింది భాగానికే చిన్న కోతతో చేసే మినీ టక్ సరిపోతుందేమో అడగండి. బీఎంఐ 18.5 కంటే తక్కువైతే ముందు పోషణ సంగతి చూడాలి.

బీఎంఐ 38. పొట్ట మడత కింద ఎప్పుడూ ఒరుసుకుపోయి పుండ్లు, వాసన. నాకు దారే లేదా?

ఉంది, కానీ దాని పేరు వేరు: పానిక్యులెక్టమీ. కండరాల బిగింపు, నడుము ఒంపు లాంటివేమీ లేకుండా వేలాడే మడతను మాత్రం కోసి తీస్తారు. నడవడానికి అడ్డొచ్చేవాళ్లకి, మందులు వాడినా మడత కింద ఇన్ఫెక్షన్ తగ్గనివాళ్లకి చేసే ఆపరేషన్ ఇది. అందం కోసం కాదు. గాయం ఇబ్బందులు మామూలు టమ్మీ టక్ కంటే ఎక్కువే ఉంటాయి. అయినా రోజూ పడే బాధతో తూచి నిర్ణయిస్తారు. ఈలోగా మడత కింద పొడిగా ఉంచడం ముఖ్యం: స్నానం తర్వాత మెత్తటి నూలు గుడ్డతో అద్ది ఆరబెట్టి, మడత మధ్య పలచటి నూలు గుడ్డ ఉంచి, డాక్టర్ రాసిన యాంటీఫంగల్ క్రీమో పొడో వాడండి.

## బరువు తగ్గే దశ

ముందు ఆపరేషన్ చేయించుకుని, తర్వాత బరువు తగ్గితే కాదా? ఉత్సాహం వస్తుంది కదా.

ఉత్సాహం మాట ఎలా ఉన్నా, చర్మం ఊరుకోదు. సర్జన్ ఆ రోజు ఉన్న పొట్టకి కొలిచి చర్మం కోస్తారు. తర్వాత మీరు 12 కిలోలు తగ్గితే కింది కొవ్వు కరిగి, బిగుతుగా కుట్టిన చర్మం మళ్లీ జారుతుంది. అప్పుడు రెండో ఆపరేషన్, రెండో ఖర్చు. ముందు బట్టలు కుట్టించుకుని తర్వాత చిక్కిపోయినట్టే.

ఎంత బరువుకి రావాలి? ఎన్నాళ్లు అక్కడే ఉండాలి?

పెళ్లినాటి బరువుకి రానక్కర్లేదు. మీరు ఏళ్ల తరబడి నిలబెట్టుకోగల బరువు చాలు. దానికి 5 కిలోల అటూ ఇటూగా వచ్చి, 3 నుంచి 6 నెలలు నిలకడగా ఉంటే సరిపోతుంది. వారానికోసారి, అదే కాటా మీద, ఉదయం పరగడుపున చూసి రాసుకోండి. కన్సల్టేషన్‌లో ఆ కాగితం చూపిస్తే "ఇప్పుడు నిలకడగానే ఉందండీ" అన్న మాట కంటే ఎక్కువ పనికొస్తుంది.

బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గడానికి కడుపుకి చేసే ఆపరేషన్) అయి 8 నెలలైంది, 35 కిలోలు తగ్గాను. ఇప్పుడు చేయించుకోవచ్చా?

ఆగండి. బేరియాట్రిక్ తర్వాత బరువు సాధారణంగా 12 నుంచి 18 నెలల దాకా తగ్గుతూనే ఉంటుంది. ఆ తర్వాత 3 నుంచి 6 నెలల నిలకడ కూడా కావాలి. ఇంకో కారణం రక్తం. ఐరన్, బీ12, ఫోలేట్, విటమిన్ డీ, ప్రొటీన్ కొరత వీళ్లలో మామూలు. హిమోగ్లోబిన్ తక్కువగా ఉండగా పెద్ద కోత పెడితే గాయం మానదు. చాలా ఎక్కువ బరువు తగ్గినవాళ్లకి చర్మం అడ్డంగానూ మిగులుతుంది. అప్పుడు తుంటి నుంచి తుంటికి అడ్డ కోతతో పాటు మధ్యలో నిలువు కోత కూడా అవసరం కావచ్చు. మచ్చ తలకిందులు చేసిన 'టీ' అక్షరంలా ఉంటుంది. వీళ్ల విషయంలో 30 దాటిన బీఎంఐని కూడా కొందరు సర్జన్లు ఒప్పుకుంటారు, ఎందుకంటే ఆ బరువులో చాలాభాగం వేలాడే చర్మమే.

మౌంజారో, వెగోవీ ఇంజక్షన్లతో తగ్గుతున్నాను. వాటిని ఆపాలా?

మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశానికి వచ్చాయి. అప్పటి నుంచి ఈ ప్రశ్న ఆగట్లేదు. ఇందులో రెండు సంగతులున్నాయి. మొదటిది మత్తు. ఈ మందులు కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తాయి. రాత్రి తిన్నది పొద్దుటికి కూడా కడుపులో ఉండి, మత్తులో పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. వారం ముందు డోసు ఆపమని 2023లో అమెరికా మత్తు డాక్టర్ల సంఘం చెప్పింది. 2024లో అది కాస్త సడలి, మనిషిని బట్టి నిర్ణయించమన్నారు. కొందరికి ముందు రోజంతా ద్రవాహారం మీదే ఉంచి, అవసరమైతే కడుపుకి స్కాన్ చేసి చూస్తారు. కాబట్టి ఏ మందు, ఎంత డోసు, చివరిసారి ఏ తేదీన అన్నది మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. దాచడం అన్నిటికంటే ప్రమాదం.

రెండోది నిలకడ. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్ మందు ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో సుమారు మూడింట రెండొంతులు తిరిగొచ్చినట్టు ఒక పెద్ద ట్రయల్‌లో తేలింది. ఆపరేషన్ తర్వాత మందు కొనసాగిస్తారా, ఆపేస్తారా అన్నది ముందే తేల్చుకోండి.

పెళ్లి దగ్గర్లో ఉంది. నెలలో 10 కిలోలు తగ్గి వచ్చేస్తే చేస్తారా?

చేయకూడదు. ఉపవాసాలతో అంత వేగంగా తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. గాయాన్ని అతికించేది ప్రొటీనే. ఆపరేషన్‌కి ముందు రెండు నెలలు కిలో శరీర బరువుకి రోజుకి 1 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ అందేలా చూడండి (కిడ్నీ జబ్బు ఉంటే డాక్టర్‌ని అడిగాకే). గుడ్డులో 6 గ్రాములు, వంద గ్రాముల పనీర్‌లో సుమారు 18 గ్రాములు ఉంటాయి. పప్పు, పెరుగు కలిపిన మన భోజనంలో అన్నమే ఎక్కువ, ప్రొటీన్ తక్కువ. ప్లేటులో ఆ పాళ్లు మార్చాలి. తగ్గే వేగం వారానికి అర కిలో నుంచి కిలో ఉంటే చాలు.

కండరాల మధ్య ఖాళీ వ్యాయామంతో పూడదా?

చిన్న ఖాళీ ఉంటే, కాన్పు అయిన మొదటి ఏడాదిలో ఫిజియోథెరపిస్ట్ నేర్పే లోపలి కండరాల వ్యాయామాలతో మెరుగవుతుంది. ఖాళీ 2 సెంటీమీటర్లు దాటితే కండరాలు విడిపోయినట్టు లెక్క. అది మరీ వెడల్పై ఏళ్లు గడిచాక వ్యాయామంతో కండ బలపడుతుంది కానీ, మధ్యలో సాగిన పొర కుదించుకోదు. పడుకుని తల ఎత్తినప్పుడు పొట్ట మధ్యలో నిలువుగా గట్టులా ఉబ్బు లేస్తుంటే, సిట్‌అప్స్ చేయకండి, ఉబ్బు పెరుగుతుంది.

లైపోసక్షన్‌తో బరువు తగ్గించుకుని, తర్వాత టక్ చేయించుకుంటే?

లైపోసక్షన్ ఆకారం సరిచేయడానికే, బరువు తగ్గించడానికి కాదు. ఒక్కసారి 5 లీటర్లు దాటితే దాన్ని పెద్ద మోతాదుగా లెక్కిస్తారు, ఒంట్లో ద్రవాలు తారుమారవుతాయి, ఆసుపత్రిలో ఉంచి చూసుకోవాలి. అంత చేసినా కాటా మీద తేడా కొద్ది కిలోలే.

## కన్సల్టేషన్, పరీక్షలు

డాక్టర్ పొట్ట మీద పాత కుట్లన్నీ ఎందుకు అంత పరీక్షగా చూస్తారు?

టమ్మీ టక్‌లో చర్మాన్ని పక్కటెముకల దాకా కండరాల గోడ నుంచి విడదీస్తారు. మధ్య నుంచి వచ్చే రక్తనాళాలు తెగిపోతాయి, ఆ తర్వాత చర్మం బతికేది పక్కల నుంచి వచ్చే రక్తంతోనే. పాతకాలపు పిత్తాశయం ఆపరేషన్‌లో కుడి పక్కటెముకల కింద పెట్టే ఏటవాలు కోత ఆ దారిని కోసేస్తుంది. దాని కింది చర్మం నల్లబడి చచ్చిపోయే ప్రమాదం ఉంటుంది. సిజేరియన్ మచ్చతో ఈ భయం లేదు, అది తీసేసే చర్మంతో పాటే పోతుంది. బొడ్డు దగ్గర హెర్నియా ఉందా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కోత పొట్ట మీద ఎక్కడ పెట్టారు అన్నవీ చెప్పండి. బొడ్డుకి రక్తం అందడం వాటి మీదా ఆధారపడుతుంది.

ఏయే పరీక్షలు రాస్తారు?

రక్త పరీక్షలు (హిమోగ్లోబిన్, షుగర్, కిడ్నీ, లివర్, గడ్డకట్టే సమయం, ఆల్బుమిన్), ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, పొట్ట అల్ట్రాసౌండ్ మామూలుగా ఉంటాయి. రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ డెసిలీటరుకి 3.5 గ్రాముల కంటే తక్కువైతే పోషణ తక్కువగా ఉందని అనుమానిస్తారు. బీఎంఐ ఎక్కువై, గట్టిగా గురక పెడుతూ, పగలు కూర్చున్నచోటే కునుకు తీస్తుంటే నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉందేమో చూడాలి. ఇంటి మనిషిని వెంట తీసుకెళ్లండి, మీ గురక సంగతి మీకంటే వాళ్లకే బాగా తెలుసు.

షుగర్ ఉంది. చేయరా?

అదుపులో ఉంటే చేస్తారు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7 శాతం దరిదాపుల్లో ఉండాలని ఎక్కువమంది కోరతారు, 8 దాటితే వాయిదా వేస్తారు. ఆపరేషన్‌కి ముందు రోజు చూసిన పరగడుపు షుగర్ బాగుందంటే చాలదు.

సిగరెట్ మానేసి వారమైంది. చాలదా?

చాలదు. ముందు 4 నుంచి 6 వారాలు, తర్వాత కూడా అంతే. నికోటిన్ సన్న రక్తనాళాలను బిగించేస్తుంది, అసలే పక్కల నుంచి అరకొరగా రక్తం అందే చర్మానికి అదీ అందదు. బీడీ, గుట్కా, ఖైనీ, వేప్, మానడానికి వాడే నికోటిన్ గమ్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. అధిక బరువు, పొగ రెండూ కలిస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది.

ఒక డాక్టర్ 8 కిలోలు తగ్గి రమ్మన్నారు. ఇంకొకచోట వచ్చే వారమే చేస్తామన్నారు. ఎవరి మాట వినాలి?

తగ్గి రమ్మన్నాయన రాబడి వదులుకుని ఆ మాట చెప్పాడని గుర్తుపెట్టుకోండి. రెండో చోట మూడు ప్రశ్నలు వేయండి: చేసే డాక్టర్‌కి ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉందా? రాత్రి ఇబ్బంది వస్తే ఐసీయూ అదే భవనంలో ఉందా? నన్ను పడుకోబెట్టి పొట్ట పరీక్షించారా? మూడో దానికి జవాబు లేకుండా ఫోటోలు చూసి తేదీ ఇచ్చినచోటికి వెళ్లకండి.

ఇన్సూరెన్స్ వస్తుందా?

రాదు. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్డీఏఐ పెట్టిన స్టాండర్డ్ మినహాయింపుల్లో 08 కోడ్ కాస్మెటిక్ సర్జరీదే. బేరియాట్రిక్‌కి మాత్రం బీఎంఐ 40, లేదా తీవ్రమైన జబ్బులతో 35 దాటితే వెసులుబాటు ఉంది. హెర్నియా కూడా ఉంటే ఆ భాగానికి విడిగా ముందస్తు అనుమతి, విడి బిల్లు అడిగి చూడండి, అన్నీ కలిపి ఒకే బిల్లు వేస్తే మొత్తం తిరస్కరించవచ్చు. అందం కోసం చేసే ఆపరేషన్‌కి 18 శాతం జీఎస్టీ ఉంటుంది, ప్యాకేజీ ధరలో అది కలిసిందో లేదో అడగండి.

## ఆపరేషన్ రోజు

బరువు ఎక్కువుంటే ఆపరేషన్‌లో వచ్చే కష్టమేంటి?

కొవ్వుకి రక్తసరఫరా తక్కువ. మందమైన కొవ్వు పొరను విడదీసి, మళ్లీ గోడ మీద పరిచి కుట్టినప్పుడు ఆ పొర మొత్తానికి ఆక్సిజన్ చాలదు. ఖాళీ ఎక్కువ, నీరు చేరే చోటు ఎక్కువ. టైమూ ఎక్కువ పడుతుంది: మామూలుగా 2 నుంచి 4 గంటల పని ఇంకా సాగుతుంది, ఆ మేరకు రక్తం గడ్డకట్టే ముప్పూ పెరుగుతుంది. యాంటీబయాటిక్ డోసు కూడా బరువును బట్టే. సెఫాజోలిన్ మామూలుగా 2 గ్రాములు, 120 కిలోలు దాటితే 3 గ్రాములు.

రక్తం గడ్డ కడుతుందని భయపెడుతున్నారు. నిజమా?

నిజమే, అరుదే కానీ ప్రాణం తీసేది అదే. కాలి సిరలో గడ్డ ఏర్పడి ఊపిరితిత్తులకి చేరుతుంది. కాప్రినీ స్కోరు అని ఒక లెక్క ఉంది: బీఎంఐ 25 దాటితే ఒక పాయింటు, వయసు 41 నుంచి 60 అయితే ఒకటి, గర్భనిరోధక మాత్రలు వాడితే ఒకటి, 45 నిమిషాలు దాటే పెద్ద ఆపరేషన్ అయితే రెండు. ఇంట్లో ఎవరికైనా గడ్డకట్టిన చరిత్ర ఉంటే ఇంకా ఎక్కువ. స్కోరును బట్టి రక్తం గడ్డకట్టకుండా చేసే ఎనాక్సాపారిన్ లాంటి ఇంజక్షన్లు, కాళ్లను నొక్కి వదిలే పంపు సాక్సులు పెడతారు. గర్భనిరోధక మాత్రలు ఎప్పుడు ఆపాలో డాక్టర్‌ని అడిగి, ఈలోగా వేరే పద్ధతి వాడండి. ఆపరేషన్ రోజు సాయంత్రమే లేపి నడిపిస్తారు, నొప్పి అని మొరాయించకండి.

ఎన్ని కిలోలు తీస్తారు?

ఎక్కువమందికి 1 నుంచి 3 కిలోలు. చాలా బరువు తగ్గి చర్మం బాగా వేలాడేవాళ్లకి ఇంకా ఎక్కువ రావచ్చు. బట్టల సైజు మారుతుంది, కాటా ముల్లు పెద్దగా మారదు.

## కోలుకునేటప్పుడు

గాయం విడిపోయే అవకాశం ఎక్కడ ఎక్కువ?

అడ్డ కోత మధ్యలో, జఘన భాగానికి సరిగ్గా పైన. అక్కడే లాగుడు ఎక్కువ, రక్తం చివరగా చేరేదీ అక్కడికే. నిలువు కోత కూడా ఉంటే రెండూ కలిసే మూల అన్నిటికంటే బలహీనం. మొదట చర్మం అంచు ఊదారంగుకి మారుతుంది, తర్వాత నల్లటి పెచ్చు, రెండో వారంలో పసుపుపచ్చని నూనెలాంటి ద్రవం కారవచ్చు, అది చచ్చిపోయిన కొవ్వు. చిన్నదైతే డ్రెస్సింగులతోనే కొన్ని వారాల్లో మానుతుంది. పసుపు, బూడిద, కొబ్బరినూనె అస్సలు పెట్టకండి. జ్వరం, చుట్టూ ఎరుపు పాకడం, దుర్వాసన ఉంటే ఆ రోజే వెళ్లాలి.

డ్రెయిన్ గొట్టాలు ఎప్పుడు తీస్తారు?

సాధారణంగా రెండు పెడతారు. ప్రతిరోజూ ఒకే సమయానికి, ఒక్కో దానిలో చేరిన నీటిని విడివిడిగా కొలిచి రాయండి. 24 గంటల్లో 30 మిల్లీలీటర్ల కంటే తక్కువ, వరసగా రెండు రోజులు వస్తే తీస్తారు. బరువు ఎక్కువున్నవాళ్లకి రెండు వారాలు పట్టినా కంగారు వద్దు. తీశాక పొట్ట మీద తడితే నీళ్ల సంచిలా అల కదిలితే నీరు చేరిందన్నమాట, సూదితో తీయించుకోవాలి.

ఆపరేషన్ అయిన వారానికి కాటా చూస్తే రెండు కిలోలు పెరిగాను!

ఒంట్లో చేరిన నీరు అది. సెలైన్, వాపు, మలబద్ధకం అన్నీ కలిసి అలా చూపిస్తాయి. నెల దాకా కాటా ఎక్కకండి.

ఇంటి పనులు ఎప్పుడు మొదలుపెట్టవచ్చు?

మొదటి వారం కాస్త వంగి నడవాలి, మోకాళ్ల కింద దిండు పెట్టుకుని పడుకోవాలి. 6 వారాల దాకా 5 కిలోలు దాటి ఎత్తకూడదు. నీళ్లు నిండిన బిందె, బియ్యం బస్తా, చంటిపిల్లాడు, 14.2 కిలోల గ్యాసు నిండిన సిలిండరు, ఏదీ వద్దు. పీట మీద కూర్చోవడం, నేల మీద భోజనం, ఇండియన్ టాయిలెట్ కూడా ఆ 6 వారాలు మానాలి, ఇంట్లో వెస్ట్రన్ కమోడ్ లేకపోతే స్టాండు కొనుక్కోండి. పొట్ట బెల్టు స్నానం తప్ప మిగతా వేళల్లో ఉండాలి. మన ఎండల్లో లోపల పలచటి నూలు బనీను వేసుకుంటే చెమటపొక్కులు రావు.

అమెరికా నుంచి సెలవు మీద వచ్చి హైదరాబాద్‌లో చేయించుకోవాలనుకుంటున్నాను. మూడు వారాల సెలవు సరిపోతుందా?

సరిపోదు. పరీక్షలకి ఒక వారం, ఆపరేషన్ తర్వాత కనీసం 4 వారాలు ఉండేలా రండి. గాయం ఇబ్బందులు బయటపడేది రెండు, మూడు వారాల్లో. ఇరవై గంటల ప్రయాణం కాళ్లలో గడ్డకి అనువైన సమయం, అందులోనూ బీఎంఐ 30 దరిదాపుల్లో ఉంటే. వీడియో కాల్‌లో బీఎంఐ సరిపోయిందని చెప్పినా, ఇక్కడికొచ్చి పడుకోబెట్టి చూశాక వద్దనే హక్కు సర్జన్‌కి ఉంటుంది. ఆ మాటకి సిద్ధపడే టికెట్ కొనండి.

తర్వాత మళ్లీ బరువు పెరిగితే పొట్ట తిరిగొస్తుందా?

తీసేసిన కొవ్వు కణాలు తిరిగి రావు, మిగిలినవి ఉబ్బుతాయి. రెండు, మూడు కిలోల తేడా పెద్దగా కనపడదు. 8, 10 కిలోలు పెరిగితే పొట్ట పైభాగంలో, నడుము వెనక, చేతుల్లో చేరుతుంది. లోపలి కొవ్వు కూడా పెరిగి, బిగించిన కుట్లను లోపలి నుంచి నెడుతుంది. గర్భం వస్తే సాధారణంగా బిడ్డకి ప్రమాదమేమీ ఉండదు, కానీ చర్మం, కండరాలు మళ్లీ సాగుతాయి. ఇంకో బిడ్డ ఆలోచన ఏమాత్రం ఉన్నా ఆపరేషన్‌ని ఆ కాన్పు తర్వాతికి పెట్టుకోండి.